గురువులు వెళ్లిపోయాక: ఇగ్నేషియస్ లొయోలా, యేసు సభ, మన సీమ



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో కాలినడకన తిరిగి, దీపాల వేళ పిల్లలను కూర్చోబెట్టి ప్రార్థనలు నేర్పి గతించిపోయిన ఉపదేశుల స్మృతికి ఈ ఉపన్యాసం అంకితమైంది. ఆ గౌరవాన్ని నాకు అప్పగించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. ప్రొద్దుటూరులో మాట్లాడటం తేలిక కాదు. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు ఇక్కడి అగస్త్యేశ్వరాలయంలో శివతాండవం రచించారు. గడియారం వేంకటశేషశాస్త్రి గారు శివభారతం రాసిన కాలపు పాండిత్యం ఈ ఊరి గాలిలో ఇంకా ఉంది. ఇక్కడి శ్రోతలు మాటను తూచి పుచ్చుకుంటారు. అందువల్ల పూర్వులు ధ్రువపరచిన విషయాలకే కట్టుబడి మాట్లాడతాను.

ఒక సన్యాస సభను స్థాపించిన పునీతుడి జీవితాన్ని గురించి చెప్పమన్నారు. నేను లొయోలా ఇగ్నేషియస్ వారిని ఎంచుకున్నాను. మన పెద్దలు ఆయనను ఇన్నాసివారనే వాళ్లు. ఇన్నయ్య, ఇన్నారెడ్డి, ఇన్నాసమ్మ అనే పేర్లు ఈనాటికీ తెలుగు క్యాథలిక్కు ఇళ్లలో వినిపిస్తాయి. ఆయన ఎన్నడూ భారతదేశానికి రాలేదు. ఆయన స్థాపించిన యేసు సభ మాత్రం ఆయన పోయిన నూటయాభై ఏళ్లకు రాయలసీమలో కాపురం పెట్టింది. డెబ్బై ఏళ్లు పనిచేసింది. తరవాత పాపు గారి ఆజ్ఞతో రద్దయిపోయింది. ఒక సభను స్థాపించినవాడి పనిని ఆ సభ వెలిగిన కాలంలో కాక, అది లేని కాలంలో పరీక్షించాలని నా అభిప్రాయం. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ ఒక్క విషయమే.

ఆయన 1491లో స్పెయిన్ దేశపు ఉత్తరాన బాస్కు ప్రాంతంలో అస్పేతియా దగ్గరి లొయోలా కోటలో పుట్టాడు. పదముగ్గురు సంతానంలో కడపటివాడు. పెట్టిన పేరు ఇనిగో. పరువు, పరాక్రమం, రాజసేవ, ఇవే యౌవనంలో ఆయనకు తెలిసిన విలువలు. 1521 మే 20న పాంప్లోనా కోట మీద ఫ్రెంచివారు దాడి చేసినప్పుడు ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం మీద పడి ఉన్న నెలల్లో వీరగాథలు కావాలని అడిగితే ఆ ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు మాత్రమే. అవి చదివి మనసు మారిందని అందరూ చెబుతారు. నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది ఆయన ఆ మంచం మీద చేసిన పరిశీలన. రాచరికపు ఊహలు ఊహిస్తున్నంతసేపే సంతోషం ఇచ్చి తరవాత మనసును ఎండబెడుతున్నాయి. పునీతుల మార్గాన్ని గురించిన ఊహలు గడిచిపోయాక కూడా శాంతిని మిగులుస్తున్నాయి. ఈ తేడాను ఎవరూ ఆయనకు బోధించలేదు. తన మనసును తానే చూసుకుని తెలుసుకున్నాడు.

1522 మార్చిలో మోన్సెరాత్ కొండ మీది మరియమాత గుడిలో రాత్రంతా జాగరణ చేసి తన ఖడ్గాన్ని అక్కడే వదిలేశాడు. మన్రేసా అనే చిన్న ఊరిలో పది నెలలకు పైగా భిక్షాటనతో, కఠోర తపస్సుతో గడిపాడు. ఆ అనుభవంలోంచి పుట్టింది ఆధ్యాత్మిక సాధనలు అనే చిన్న గ్రంథం. చదువుకునే పుస్తకం కాదది, చేయవలసిన పుస్తకం. సాధన చేయించే గురువుకు అందులో ఒక కట్టడి ఉంది. శిష్యుణ్ణి ఈ దారి పట్టు, ఆ వ్రతం పుచ్చుకో అని గురువు తొందరపెట్టకూడదు. తులాదండంలాగా నడుమ నిలిచి, సృష్టికర్త తన సృష్టితో నేరుగా వ్యవహరించేలా చోటు ఇవ్వాలి. పదహారో శతాబ్దంలో, గురువు మాటే సర్వస్వంగా చెలామణి అయిన రోజుల్లో ఇది సాహసం. ఈ సాధనలు చేయించినందుకు ఆయన అధికారుల అనుమానానికి గురయ్యాడు. అల్కలాలోనూ సలమాంకాలోనూ విచారణలు జరిపి చెరలో పెట్టారు. దోషం కనబడక వదిలేశారు.

ముప్పై ఏళ్లు దాటాక బార్సెలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లాటిను మొదలుపెట్టాడు. 1528లో పారిస్ చేరాడు. అక్కడ ఒకే గదిలో ఉన్న పియేర్ ఫావర్, ఫ్రాన్సిస్ జేవియర్ ఆయన సహచరులయ్యారు. 1534 ఆగస్టు 15న మోంమార్త్ర్ కొండ మీది చిన్న గుడిలో ఏడుగురు కలిసి మొక్కు పెట్టుకున్నారు. 1540 సెప్టెంబరు 27న మూడవ పౌలు పాపు గారు యేసు సభను ఆమోదించారు. మరుసటి ఏడాది ఇగ్నేషియస్ దానికి తొలి మహాధిపతి అయ్యాడు.

ఇంతవరకు పుస్తకాలలో సులభంగా దొరికే విషయమే. ఉపదేశుల స్మారక సభలో గుర్తు చేసుకోవలసిన రెండు ఘట్టాలు వేరే ఉన్నాయి. 1535లో ఆరోగ్యం కోసం సొంత ఊరికి వెళ్లినప్పుడు ఆయన అన్నగారి కోటలో దిగలేదు. పేదల సత్రంలో దిగి, రోజూ పిల్లలకు ఉపదేశం చెబుతానన్నాడు. నీ మాట వినడానికి ఎవరు వస్తారని అన్న వారించాడు. ఒక్కడు వచ్చినా చాలని ఈయన సమాధానం. చివరికి ఊరంతా వచ్చింది, అన్నగారు కూడా వచ్చాడు. రెండోది మహాధిపతిగా ఎన్నికైన వెంటనే జరిగింది. పదవి చేతికొచ్చాక ఆయన తొలి రోజుల్లో చేసిన పనుల్లో ఒకటి రోమాలో ఒక చిన్న గుడిలో నలభై రోజులకు పైగా పిల్లలకు ఉపదేశం నేర్పడం. ఇటాలియను భాష ఆయనకు సరిగా రాదు. తప్పులతోనే నేర్పాడు. పిల్లలకు ఉపదేశం చెప్పడాన్ని సభ్యుల మొక్కులోనే చేర్చాడు. అంటే యేసు సభ పుట్టుకలోనే ఉపదేశి ఉన్నాడు.

అప్పటిదాకా ఉన్న సన్యాస సంఘాలు మఠానికి, మఠంలో కలిసి పాడే సంకీర్తనకు, ప్రత్యేక వస్త్రానికి కట్టుబడి ఉండేవి. ఇగ్నేషియస్ ఆ మూడింటినీ సభ్యులకు విధిగా పెట్టలేదు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లడమే వాళ్ల మఠజీవితం. తాను మాత్రం కడదాకా రోమాలోనే కూర్చుని ఉత్తరాలు రాశాడు. దాదాపు ఏడు వేలు మిగిలాయి. ఆ ఉత్తరాలలో ఒకటి చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది. 1553లో, తూర్పు దేశాలకు వెళ్లిన జేవియర్‌ను వెనక్కి రమ్మని రాశాడు. అప్పటికి జేవియర్ చైనా తీరపు దీవిలో చనిపోయి నెలలు గడిచాయి. ఆ సభ మొదటి నుంచీ ఇటువంటి దూరాల మీద నిలబడింది. స్థాపకుడి ఆజ్ఞ అందని చోట పనిచేసేవాడు తన వివేకంతోనే నిర్ణయించుకోవాలి. జీవితచరిత్ర చెప్పమని శిష్యులు బతిమాలితే ఆయన తనను యాత్రికుడని మూడో మనిషిగా పేర్కొంటూ చెప్పాడు. సభకు పాపు గారి ఆమోదం వచ్చిన ఘట్టానికి ముందే ఆ కథనాన్ని ఆపేశాడు. 1556 జూలై 31న మరణించాడు. 1622 మార్చి 12న ఆయనకు పునీత పట్టం ఇచ్చారు. అదే రోజు ఆయనతో పాటు పునీతులైనవారిలో ఇసిదోరు అనే మాడ్రిడ్ ప్రాంతపు పాలేరు కూడా ఉన్నాడు. సేద్యగాళ్ల ఈ సీమలో అది చెప్పకుండా ఉండలేను.

ఇక మన నేల సంగతికి వస్తాను. యేసు సభ గురువులు తెలుగు రాజుల కొలువుకు 1598లోనే వచ్చారు. అప్పుడు రాజధాని చంద్రగిరి, రాజు రెండవ వేంకటపతి రాయలు. ఆయన వారిని ఆదరించాడు, వారితో వచ్చిన చిత్రకారుల చేత బొమ్మలు వేయించుకున్నాడు. అది కొలువు పరిచయం, అంతకు మించి వేళ్లు దిగలేదు. 1606లో మదురై చేరిన రాబర్టు నోబిలి మరో మార్గం పట్టాడు. కాషాయం కట్టి, మాంసం మాని, సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చి, సన్యాసిగా జీవించాడు. అది క్రైస్తవానికి విరుద్ధమని సాటి గురువులే ఫిర్యాదు చేశారు. 1623లో రోమా ఆయన పద్ధతికి అనుమతి ఇచ్చింది.

ఆ నమూనానే ఫ్రెంచి గురువులు మన వైపు తెచ్చారు. పుదుచ్చేరి నుంచి బయలుదేరిన వీరి ప్రయాణాన్ని చరిత్రలో కర్ణాటక మిషను అంటారు. 1700 దాటిన కొద్ది ఏళ్లకే పుంగనూరులో స్థిరపడ్డారు. అక్కణ్ణించి చిన్నబళ్లాపురం, బుక్కపట్నం, కృష్ణాపురం వైపు పాకారు. బుక్కపట్నం, ధర్మవరం దాటి వచ్చే చిత్రావతి, పులివెందుల పక్కన పార్నపల్లె మీదుగా ప్రవహించి, గండికోట దగ్గర పెన్నేటిలో కలుస్తుంది. ఆ పెన్నేరే జమ్మలమడుగును, ప్రొద్దుటూరును తాకుతుంది. ఒకే నీటి దారి. ఆ దారి పొడుగునా ఒకే కరువు, ఒకే పాలెగాళ్ల భయం, ఒకే భాష.

ఎతియేన్ లె గాక్ వంటి గురువులు ఇక్కడి నుంచి రాసిన ఉత్తరాలు పారిస్‌లో 1702 నుంచి 1776 దాకా సంపుటాలుగా అచ్చయిన మిషనరీల లేఖలలో చేరాయి. రాయలసీమ పల్లె, కాపు, పాలెగాడు, మిడతల దండు యూరపు చదువరికి తొలిసారి పరిచయమైన చోట్లలో ఆ లేఖలు ఒకటి. అదే తరానికి చెందిన జాన్ కాల్మెత్ 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజ గ్రంథాలయానికి పంపాడు. గాస్తన్ కూర్దూ కృష్ణాపురం ప్రాంతంలో పనిచేశాడు, తెలుగు నిఘంటు రచనకు పూనుకున్నాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో ఉన్న బంధుత్వాన్ని 1767లో పారిస్ పండితులకు రాసి పంపాడు. ఇదే బంధుత్వాన్ని చాటిన విలియం జోన్స్ కలకత్తా ప్రసంగం 1786 నాటిది. కూర్దూ లేఖ 1808 దాకా అచ్చుకు నోచుకోలేదు, అందువల్ల కీర్తి జోన్స్‌కు దక్కింది. తెలుగు నేల మీద చేసిన భాషాసాధన ప్రపంచ భాషాశాస్త్ర చరిత్రలో ఇంత ముందు వరసలో ఉందని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆ గురువులు మాత్రం గుప్పెడుమంది. ఒక్కొక్కరికి రోజుల తరబడి నడిచినా తరగని ప్రాంతం. ఏడాదికి ఒకటి రెండు మార్లు కూడా ఒక పల్లె ముఖం చూడలేని పరిస్థితి. ఆ మధ్యకాలంలో ఆదివారం జనాన్ని కూడగట్టి జపమాల చెప్పించినవాడు, చావుబతుకుల్లో ఉన్న శిశువుకు జ్ఞానస్నానం ఇచ్చినవాడు, శవాన్ని ప్రార్థనతో సాగనంపినవాడు ఉపదేశి. ప్రార్థన తెలుగులో ఉంది, నోటికి వచ్చేలా ఉంది, గ్రంథం లేకపోయినా నడిచేలా ఉంది. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం రాసి క్రీస్తు చరిత్రను ప్రబంధ శైలిలో నిలిపాడు. పరాయి మతంగా వచ్చినది రెండు మూడు తరాలలోనే పద్యమై కూర్చుంది.

తరవాత దెబ్బ మీద దెబ్బ తగిలింది. యేసు సభ మీద యూరపు రాజులకు కోపం పెరిగింది. పోర్చుగల్ 1759లో, ఫ్రాన్స్ 1764లో, స్పెయిన్ 1767లో ఆ సభను వెళ్లగొట్టాయి. 1773 జూలై 21న పద్నాలుగవ క్లెమెంట్ పాపు గారు సభను పూర్తిగా రద్దు చేశారు. చివరి మహాధిపతి లొరెంజో రిచ్చి రోమాలోనే బందీగా ఉండి 1775లో చనిపోయాడు. అప్పటికి పుదుచ్చేరిలో ముసలివాడైన కూర్దూ 1779లో కన్నుమూశాడు. పారిస్ మిషనరీలు బాధ్యత తీసుకున్నారు, కాని వాళ్లూ కొద్దిమందే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే సీమ తగలబడుతోంది. మరాఠాలు ఒకవైపు, హైదర్ అలీ మరోవైపు. 1779లో కడప నవాబు రాజ్యం హైదర్ వశమైంది. 1792లో నిజాం చేతికి, 1800లో కుంపినీ చేతికి మారింది. మన్రో కలెక్టరుగా వచ్చేసరికి ఎనభైమంది పాలెగాళ్లు ఊళ్లను పంచుకుని ఉన్నారు. ఈ అల్లకల్లోలంలో, అంతకుముందు నుంచీ సాగిన కరువుల్లో, క్యాథలిక్కు రెడ్డి, కమ్మ కుటుంబాలు ఎన్నో ఇల్లూ వాకిలీ వదిలి కొండవీటి సీమకు తరలిపోయాయి. ఫిరంగిపురం, పాటిబండ్ల, రెంటచింతల వంటి గుంటూరు ప్రాంతపు పాత క్యాథలిక్కు గ్రామాల మూలాల్లో రాయలసీమ వలస ఉంది. బండ్ల మీద వాళ్లు తీసుకెళ్లింది విత్తనపు గింజలు, పశువులు, నోటికి వచ్చిన ప్రార్థనలు. గురువు వెంట లేడు. పంపిన సభ రద్దయిపోయింది.

అయినా నిలిచారు. వంద ఏళ్ల తరవాత, 1875 నుంచి, హెర్బర్టు వాన్ స్థాపించిన మిల్‌హిల్ సభ గురువులు తెలుగు ప్రాంతాలకు వచ్చినప్పుడు వాళ్లు సున్న నుంచి మొదలుపెట్టలేదు. వాళ్లను ఎదురేగి పిలుచుకున్న క్యాథలిక్కు పల్లెలు ఉన్నాయి. నా వాదమంతా ఈ ఒక్క సత్యం మీద ఆధారపడింది. మనిషి తన అంతరంగంలో తానే దేవునితో మాట్లాడుకోగలడని మన్రేసాలో నమ్మినవాడు, గురువు నడుమ అడ్డు రాకూడదని రాసినవాడు, పిల్లలకు ఉపదేశాన్ని మొక్కుగా పెట్టినవాడు కట్టిన సభ, తాను లేకపోయినా నిలిచే సమాజాలను తయారుచేసింది. కరువు, కులకట్టు, ఊరికట్టు కూడా ఆ నిలకడకు తోడ్పడ్డాయి, కాదనను. కాని కట్టు ఒక్కటే ప్రార్థనను వంద ఏళ్లు మోయలేదు. దాన్ని ప్రతి సాయంత్రం నోటితో చెప్పించే మనిషి కావాలి.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పకపోతే ఈ ఉపన్యాసం అసత్యం అవుతుంది. నోబిలి మార్గం కులాన్ని తాకలేదు, దానితో రాజీపడింది. సన్యాసి వేషంలో ఉన్న గురువు పై కులాల గడపల్లోకి వెళ్లగలిగాడు, మాలమాదిగల గూడేనికి బాహాటంగా వెళ్లలేకపోయాడు. 1704లో పుదుచ్చేరిలో పాపు గారి ప్రతినిధి తూర్నోన్ ఇటువంటి ఆచారాలను నిషేధించాడు. రోగి ఏ కులంవాడైనా గురువు వాడి ఇంటికి వెళ్లి తీరాలన్నాడు. గురువులు మినహాయింపులు కోరుతూ నలభై ఏళ్లు వాదించారు. 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పాపు గారి శాసనం వాదాన్ని ముగించింది. ముగింపు ఏమిటంటే, అంటరానివారని పిలిచిన జనాల కోసం వేరే గురువులను నియమించుకోవడం. అంటే గుడిలోకి కులం తలుపు తీసుకుని వచ్చింది. ఇగ్నేషియస్ సొంత అన్న కోటను కాదని పేదల సత్రంలో పడుకున్నవాడు. ఆయన కొడుకులు ఈ విషయంలో ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని మరిచారని నేను నమ్ముతున్నాను. పరాయి దేశంలో ప్రాణాలు పణంగా పెట్టినవారిని నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్ల గొప్పతనాన్ని ఒప్పుకుంటూనే ఈ లోటును కూడా లెక్కలో వేయాలి.

ఆ లోటు తీరడం మొదలైంది పంతొమ్మిదో శతాబ్దం చివరనే. గొప్ప కరువు అని పెద్దలు చెప్పుకున్న 1876-78 తరవాత మిల్‌హిల్ గురువులతోనూ, లండన్ మిషను వారితోనూ గూడేల జనం నేరుగా సంబంధం పెట్టుకున్నారు. జమ్మలమడుగులో క్యాంబెల్ దంపతులు నెలకొల్పిన ఆసుపత్రి ఈ జిల్లాలో ఎందరి ప్రాణాలు నిలిపిందో మీ అందరికీ తెలుసు. అది క్యాథలిక్కుల పని కాదు. అయినా ఇక్కడి క్రైస్తవ చరిత్రలో దాన్ని చెప్పకుండా ముందుకు పోవడం సభ్యత కాదు. గూడేలలో బడి పెట్టినవాడు, సాయంత్రం ప్రార్థన చెప్పినవాడు చాలాచోట్ల ఒక్కడే. అతను ఆ గూడెంవాడే. పద్దెనిమిదో శతాబ్దంలో కాపుల ఇళ్ల నుంచి వచ్చిన ఉపదేశి ఇప్పుడు గూడెం నుంచి వచ్చాడు. గూడెంలో అక్షరానికీ ప్రార్థనకూ ఒకే మనిషి పూచీ పడ్డాడు.

యేసు సభను ఏడవ పయస్ పాపు గారు 1814లో పునరుద్ధరించారు. తెలుగు దేశానికి వాళ్లు కళాశాలలతో తిరిగొచ్చారు. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాలను 1953లో స్థాపించారు. కడప మేత్రాసనం 1976లో నెల్లూరు నుంచి విడివడి ఏర్పడింది. దాని తొలి పీఠాధిపతి అబ్రహాము అరుళయ్య సోమవరపు గారు డాన్ బాస్కో స్థాపించిన సలేషియన్ సభకు చెందినవారు. ఒక పునీతుడు విత్తిన చోట మరో పునీతుడి సభవారు కాపు కాశారు. ఆ మేత్రాసనం కోసం 1992లో గురువుగా అభిషిక్తుడై, బద్వేలు వంటి చోట్ల విచారణ (పారిష్) గురువుగా పనిచేసిన దళిత కుటుంబీకుడు పూల ఆంథోనీ గారిని 2022 ఆగస్టు 27న కార్డినలుగా నియమించింది యేసు సభ నుంచి వచ్చిన తొలి పాపు, ఫ్రాన్సిస్ గారు. తెలుగువారిలో ఆ పదవి అందుకున్న మొదటివారు ఆయనే. 1744 నాటి శాసనం చదివినవాడికి ఈ తేదీ ఎంత దూరమో తెలుస్తుంది. ఆ దూరం పల్లెల్లోని గుళ్లలో, సమాధుల తోటల్లో కూడా పూర్తిగా తీరిందా అనే ప్రశ్నకు ఈ సభలో ఉన్నవారే జవాబు చెప్పాలి.

చివరగా ఒక విన్నపం. ఇగ్నేషియస్ తన వారందరినీ ఉత్తరాలు రాయమన్నాడు. అందుకే గురువుల వైపు నుంచి మన చరిత్ర పారిస్ సంపుటాలలో మిగిలింది. ఉపదేశులు ఉత్తరాలు రాయలేదు. వాళ్ల వైపు నుంచి మిగిలినవి జ్ఞానస్నాన రిజిస్టర్లు, చేతిరాత ప్రార్థన పుస్తకాలు, పాటల నోటుబుక్కులు, ముసలివాళ్ల జ్ఞాపకాలు. కడపలో ఉండి తెలుగు గ్రంథాలను ప్రాణంగా సేకరించిన బ్రౌన్ దొర రోమన్ క్యాథలిక్కుల తెలుగు పుస్తకాల మీద 1840లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఆయన బంగళా ఉన్న చోటనే ఈనాడు యోగి వేమన విశ్వవిద్యాలయం వారి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. లె గాక్ తదితరుల రాయలసీమ లేఖలను ఫ్రెంచి నుంచి సూటిగా తెలుగు చేయించే పని అక్కడ మొదలుపెట్టవచ్చు. ప్రతి విచారణలోనూ బీరువాల అడుగున చెదలు పడుతున్న రిజిస్టర్లను ఫొటో తీయించి, ఒక ప్రతి ఆ కేంద్రానికి ఇవ్వడానికి విచారణ గురువులు అనుమతిస్తే, ఈ మూడు ప్రాంతాల యువకులే ఒక వేసవిలో ఆ పని పూర్తి చేయగలరు. ఫ్రెంచి వచ్చినవారు పుదుచ్చేరిలో ఉన్నారు. ఆ రిజిస్టర్లలో సాక్షి సంతకాలు చేసిన ఉపదేశుల పేర్లను ఊరివారీగా రాసి, వచ్చే ఏటి ఉపన్యాసం నాటికి అచ్చు వేయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.